ఎవరూ పాడని చీటీ

శుక్రవారం ప్రార్థన అయిపోయినాక
చర్చి గోడ పక్కన, కార్ల నీడలో
ఏలియా మూడు కాయితాలు పరిచినాడు.
కువైటు గాలికి ఒకటి లేచిపోతుంటే
నా చెప్పు తీసి దాని మీద పెట్టినాను.
"అట్ల పెట్టొద్దక్కా, అది మంచి ప్లాను" అన్నాడు.

ఒకటో దాంట్లో పెట్టె మద్రాసు దాకా వస్తాది.
రెండో దాంట్లో అక్కడి నుంచి పుల్లంపేటకు వ్యాను.
మూడో దాంట్లో పెట్టెతో పాటు ఒక మనిషికి టికెట్టు,
పోనూ రానూ.
రెంటికీ మూడింటికీ తేడా నెలకు రెండు దినార్లు.
"తోడొచ్చే మనిషి ఉండాల గదా ముందు" అంటే
ఫారం వైపు చూసినాడు గానీ
నా వైపు చూడలేదు.

బరువెంత అని అడిగినాడు.
విమానంలో మనిషినైనా కేజీల లెక్కనే ఎక్కిస్తారంట.
మేడం స్నానాల గదిలో తూకం ఉంది,
తుడిచేటప్పుడు ఎక్కి దిగతా ఉంటాను.
అరవై రెండు.
పెట్టె బరువు, లోపలి రేకు బరువు వేరే.

పద్నాలుగేండ్లుగా నాకు తెలిసిన బరువు ఒక్కటే,
ముప్పై కేజీలు.
పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు,
పులి బొమ్మ దుప్పటి, ఎవరి కాలికో తెలీకుండా కొన్న బూట్లు.
అట్టపెట్టెకు తాడు బిగించి నాలుగు పక్కలా పేరు రాసి
కౌంటరు కాడ అరకేజీ ఎక్కువైందని
సబ్బులు ఒక్కోటే బయటికి తీసినదాన్ని.
ఆ ఒక్క ప్రయాణానికి
ముప్పై దాటినా ఎవరూ ఏమీ అనరు.
నాకేం తెచ్చినావని
ఎవరూ అడగరు.

ఖాసింబీ ప్రార్థనకు రాదు, మా కోసం వస్తాది,
నీళ్ళ సీసాలో మజ్జిగ పోసుకోని.
"మాకైతే మాపటికే అయిపోతాది మే,
ఈడనే, ఈ ఇసకలోనే.
తెల్లగుడ్డ, తెలీని మనుషులు నలుగురు.
పాలసీ లేదు గీలసీ లేదు" అని నవ్వింది.
కాసేపు ఆగి
"మా మదనపల్లె మన్ను ఎర్రగా ఉంటాది" అనింది,
దానికీ దీనికీ సంబంధం లేనట్టు.

నామినీ పేరు చెప్పమన్నాడు.
మొగుడి పేరు నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.
నా బతుకు డబ్బుకే లెక్క చెప్పనోడు
నా చావు డబ్బుకు చెప్తాడా?
ఆ గడి అట్లే వదిలేయమన్నాను.

పోయిన రంజాన్లో కరుణమ్మ పోయింది.
ఆస్పత్రి చలిపెట్టెలో పంతొమ్మిది దినాలు,
పాసుపోర్టులో పేరు ఒక తీరు, కార్డులో ఒక తీరు.
ఆఖరికి ఎట్లో పంపినారు.
వాళ్ళమ్మ నాకు ఫోను చేసి
డబ్బెంత వస్తాదని అడగలేదు,
ఎట్ల పోయిందనీ అడగలేదు.
"దాని తలకు నూనె పెట్టినారా అమ్మా?" అనింది.

"ఏలియా, తలకు నూనె
ఏ ప్లానులో వస్తాది?"
ఎగతాళికి అడిగినా.
పాపం, పిల్లోడు నిజంగానే కాయితాలు తిరగేసినాడు.

ఆడనే కూర్చోని చీటీ ఒకటి వేసినాం,
నేను, దీనమ్మ, సారా, ఖాసింబీ.
మనిషికి నెలకు అర దినారు.
మామూలు చీటీ అయితే
నాకు ముందు కావాలంటే నాకని గొడవలు,
పిల్ల ఫీజని, కమ్మలని, రేకుల కొట్టమని పాట పెంచేవాళ్ళం.
ఈ చీటీని ఎవరూ పాడరు.
ఎవరికి ముందు తగిలితే
మిగిలినోళ్ళు సెలవు అడుక్కోని, టాక్సీ కట్టుకోని పోవాల.
నీళ్ళు పోయాల. జడ వేయాల.
ఖాసింబీ అర దినారు అందరికంటే ముందే తీసింది.
"నాకు టికెట్టు వద్దు, నూనె మాత్రం మరవొద్దండి.
మావాళ్ళు ఏమన్నా అంటే నేనే చెప్పిపోయినానని చెప్పండి."

"మరి ఆఖర్న మిగిలేదానికో?" అనింది దీనమ్మ.
మజ్జిగ సీసా చేతులు మారింది.
ఎవరూ ఏమీ అనలేదు.

ఐదింటికి మేడం ఫోను.
రెండో ప్లానే చాలన్నాను, వ్యాను వరకు.
చెప్పు తీస్తే కాయితం మీద
అడుగు అచ్చు పడింది, మట్టి రంగులో.
వేరేది ఇమ్మంటే ఇంకోటి లేదన్నాడు.
సంతకం దాని పక్కనే పెట్టినాను.