బల్లీ కాదు, బూజూ కాదు

హన్మకొండ కాలేజీల రెండో అంతస్తు,
చివరి గది తాళంచెవి నా దగ్గర్నే ఉంటది.
పేరు ఓదెలు. పని అటెండరు.
అసలు పని, రెండు గాజుగిన్నెల నడుమ కాపలా.

ఒకదాంట్ల గులాబిరంగు జీవి.
మెక్సికో దేశంల దానికొక చెరువున్నదట,
అండ్ల ఇప్పుడు గిన్నే మిగిలినయని
నౌషీన్ మేడం గుప్పిట మూసి చూపెట్టింది.
బల్లి అన్న. కాదన్నది.
చేప అన్న. నవ్వింది.
ముసలిదైనా పిల్లలెక్కనే ఉంటదట.
కాలు తెగితే మళ్ళ కాలు,
మెడ పక్కన ఎర్రకుచ్చు తెగితే మళ్ళ కుచ్చు.
నేను నా చూపుడువేలు దిక్కు చూసుకున్న,
గడ్డిమిషిన్ల పోయి పదకొండేండ్లు.

రెండోదాంట్ల ఏం లేదు.
నీళ్ళు, నాలుగు నువ్వుగింజలు.
రెండొద్దులాగితే గింజల చుట్టు తెల్లటి నూగు.
ఇదైతే నాకెరుకే.
నెక్కొండ అవతల మా అరెకరం పసుపుల
భాద్రపదం ముసురుకు దిగింది ఇదే.
పీకితే మొదలు చేతికొచ్చింది,
దుంప నేలల్నే ఉండిపోయింది,
తవ్వి వత్తితే వేళ్ళసందుల నీళ్ళై కారింది.
బూజు అన్న. మేడం గదీ కాదన్నది.
దీని వంశమే వేరట. రెండు తోకలతోని ఈతకొడ్తదట.

నీళ్ళల్ల బతికేటియే రెండు.
తప్పుపేరు పెట్టిచ్చుకున్నయే రెండు.
ఒకటి పోతే లోకం ఏడుస్తదట.
ఇంకోటి పోతే
నేను యాటను కోస్త.

వైశాఖంల ఒకదినమంత కరెంటు లేదు.
నువ్వులగిన్నె ఉక్కకు ఇంకింత గుబురైంది.
కుచ్చులదానికి ఊపిరాడలే.
చౌరస్త దాక ఉరికి, సోడల దుకాణంల ఐసు తెచ్చి
సీసల నింపి తొట్టిల దించిన.
అయినా నాలుగొద్దులకు
కుచ్చు మీద పత్తిపింజంత తెలుపు.
"నీ పసుపును తిన్నదాని దాయాదే" అన్నది మేడం.

గల్లుప్పు నీళ్ళు, పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు.
నేనే పట్టుకున్న. నాలుగు వేళ్ళ చెయ్యి
దానికి సరిగ్గ సరిపోయింది.
కుచ్చు రాలింది.
ఇరవై దినాలకు అదే జాగల
చింతచిగురు లెక్క ఎర్రగ, ఇంతంత.

ఆ రాత్రి రెండో గిన్నెల నువ్వులైపోయినయి.
వారానికోసారి వెయ్యాలని రిజిస్టర్ల ఉన్నది,
కింద సంతకం నాదే.
చానసేపు నిలవడ్డ.
బీరువ తీసి, డబ్బ మూత తీసి
నాలుగు లెక్కపెట్టి వేసిన.
ఐదోది నోట్లేసుకున్న.