చరిత్ర, ఒక పేజీకి మించకుండా

కలెక్టరాఫీసు నుంచి ఫారం వచ్చింది,
కళాసంస్థలకు సాయమంట.
ఏడో కాలమ్: సంస్థ చరిత్ర, ఒక పేజీకి మించరాదు.
బ్యాండులో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే,
క్లారినెట్టు పక్కనబెట్టి పెన్ను పట్టమన్నారు.

స్థాపించిన తేదీ?
తుకారాం మామ జర్మనీ యుద్ధం నాడంటాడు.
మా అవ్వ రాగులు రూపాయికెన్ని శేర్లో చెప్తుంది గానీ
సంవత్సరం చెప్పదు.

చిత్తూరు మిషను బంగళాలో ఒక దొర ఉండేవాడు.
హైన్రిష్ అని నోరు తిరక్క పెద్దోళ్ళు ఎండ్రిక్ అన్నారు,
పిల్లోళ్ళు ఎండ్రకాయ దొర అన్నారు.
వాళ్ళ ఊళ్ళో అరవైమంది ఒక్కసారే ఊపిరి పీల్చే మేళంలో
వెనక వరసలో కూచునేవాడంట.
ఒక సన్నపుల్ల ఆగితే అరవైమందీ గమ్మునైపోతారని చెప్తే
మా ముత్తాత జ్ఞానముత్తు నమ్మలేదు.
“మా వీధిలో నలుగురు గమ్మునుండాలంటే
పంచాయితీ పెట్టాల దొరా.”

పోలీసులొచ్చి ఆయన్ని రైలెక్కించిన రోజు
గుర్రానికి గడ్డికోసే జ్ఞానముత్తు చేతికి
ఒక పొడుగాటి పెట్టె ఇచ్చినాడు.
లోపల ట్రాంబోన్,
ముడుచుకున్న మోచెయ్యి మాదిరి.
ఊదకుండా పెడితే చిలుము పడుతుందన్నాడు.
మళ్ళీ వచ్చేదాకా, అని ఇంకేదో అనబోతే
ఇంజను కూసింది.

అదీ మా పుట్టుక.
సంగీతం కోసం కాదు సార్,
చిలుము పట్టకుండా.

ఆయన నేర్పి పోయింది ఒకే పాట, చర్చిది.
మెల్లగా ఊదితే శవం లేస్తుంది.
కొంచెం తోలితే పెండ్లికొడుకు గుర్రం కదుల్తుంది.
ఊపిరాపకుండా ఊదితే జాతరలో వేషగాళ్ళు ఊగిపోతారు.
అది యేసు పాటని నడివీధి గంగమ్మకు తెలుసు.
ఇంతవరకూ ఏమీ అనలేదు.

ఒకసారి ఎద్దులబండి తిరగబడి గొట్టం సొట్టపోతే
మా వాళ్ళు పుత్తూరుకు మోసుకుపోయినారు.
ఎముకైతే కడతాం, ఇత్తడికి కంచరాయన దగ్గరికి పోండన్నారు.
అయినా దిగులు మొగాలు చూసి
రెండు వెదురుబద్దలు పెట్టి, ఆకుపసరు పూసి పంపినారు.
ఆ పచ్చమరక ఇంకా ఉంది.

అరవై ఒకటిలో పలమనేరు బ్యాండు మాతో కలిసింది.
రెండు పెద్దడ్రమ్ములు, ఇద్దరు మాస్టర్లు, ఒకే జీతం.
మాసిలామణి, గంగిరెడ్డన్న మూడేండ్లు మాట్లాడుకోలేదు,
పాటలోనే తిట్టుకున్నారు.
మా మేళం బాగా వాయించిన కాలం అదేనని
విన్న ముసలోళ్ళంతా చెప్తారు.

నాయన ముందుపండ్లు ఊడినాక క్లారినెట్టు నాకొచ్చింది.
ఆడపిల్ల ఊదేదేందని ఒక పెండ్లిలో
సాంబారు దగ్గరే నిలబెట్టేసినారు.
సాంబారు దగ్గర్నుంచే ఊదినా.

ఆ తర్వాత డీజే పెట్టెలు. రాసేదేముంది.

కరోనా యేడు మురకంబట్టు శ్మశానం గేటు మూసినారు.
ఐదుగురం బయట నిలబడి,
లోపలికి పోయే ప్రతి అంబులెన్సుకూ
ఆ ఒక్క పాటే మెల్లగా ఊదినాం.
ఎవరెవరో తెలీదు. ఎవరూ పిలవలేదు.
లెక్కల పుస్తకంలో ఆ నెల ఖాళీగా ఉంది,
ఆడిటరు అడిగితే ఏం చెప్పాల్నో
తమరే సెలవియ్యండి.

సభ్యులు: పదకొండు.
అరవై ఎప్పుడూ కాలేదు.
అందరమూ ఒకేసారి గమ్మునయ్యిందీ లేదు,
ఆ గేటు దగ్గర తప్ప.

పేజీ మించింది. వెనకపక్క కూడా రాసినాను.

చివరి కాలమ్: ఆస్తులు.
ట్రాంబోన్ రాయి, పాతకాలందంటే విలువ కడతారు,
అని తుకారాం మామ మూడుసార్లు చెప్పినాడు.
రాస్తే మాదైపోతుంది.
నూరేండ్లు దాటినాయి, నిజమే,
మనిషి మాత్రం వస్తానన్నాడు.
పెన్ను చాలాసేపు పట్టుకోని కూచుని
ఇట్లా రాసినాను:

ఒకటి ఉంది. దొరది.
రోజూ ఊదుతున్నాం.
చిలుము లేదు.