కోసిన కమ్మీ

ఆ కమ్మీ కోసింది నేనే.
ఇంజనీరమ్మ రాసుకుంటోంది, రాసుకోనీ.
పేరు సెట్టిమియో. తాపీ పని. డెబ్బై ఎనిమిదేళ్ళు.
ఊరు — అదిగో, ఆ రాళ్ళగుట్ట.

మా అపెనైన్ కొండల్లో గోడంటే రెండు గోడలు.
బయటికొకటి, లోపలికొకటి,
నడుమ గులకరాళ్ళు, పెంకుముక్కలు, మట్టి,
ఏ తాతో పారేసిన చుట్టగొట్టం.
మూరన్నర మందం చూసి కోట అనుకుంటాం.
రెంటినీ కలిపి కుట్టే పొడుగురాయి
వెతికితే ఎక్కడో ఒకటి.
సున్నం ఎప్పుడో పిండైపోయింది,
గోటితో గీకినా రాలేది.
మేం గీకలేదు. మీద రంగు వేశాం.

రాయికి వచ్చింది ఒకటే చదువు, కిందికి నొక్కడం.
మూడొందల ఏళ్ళు అదే వల్లె వేసింది.
ఆ తెల్లవారుజామున
నేల పక్కనుంచి ప్రశ్న అడిగింది.

గోడలకు చెవులుంటాయంటారు.
ఉంటే ఉండొచ్చు. చేతులు లేవు.
మూలల్లో ఆనుకుని నిలబడతాయే గాని
ఒకదాన్నొకటి పట్టుకోవు.
అందుకే వెనకటి కమ్మరి
ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనుపకమ్మీ లాగి
వీధివైపు పెద్ద చీల దిగేసి బిగించాడు.
చెయ్యి అంటే అదే.

ఎర్సీలియా కొత్త బీరువా కొంది.
అక్కడ తప్ప ఎక్కడా పట్టదు,
అక్కడేమో తలెత్తున కమ్మీ అడ్డం.
"తుప్పుపట్టిన ముక్క, దేనికిది?" అంది.
దేనికో నాకూ తెలీదు. ముప్ఫైయ్యేళ్ళవాణ్ణి,
చేతిలో కొత్త రంపం.
సగం కోశాక అది టంగుమంది,
లాగి కట్టిన తీగ తెగినట్టు.
ఇద్దరం నవ్వాం.
కాఫీ ఇచ్చింది. మంచం జరిపాం,
ముందుగోడ వైపుకి.

ఆ తర్వాత కప్పు కూడా నేనే మార్చాను.
చెస్ట్‌నట్ దూలాలు దించి కాంక్రీటు పోశాం.
గట్టిదన్నారు, నిజంగా గట్టిదే:
ఇప్పటికీ విరగలేదు, చూడండి,
ఇల్లు మాత్రం దానికిందే ఉంది.

ముందుగోడ
పుస్తకం అట్టలా వీధిలోకి తెరుచుకుంది.
మంచం దానితోపాటే వెళ్ళింది.
కప్పు వెనక్కి ఒరిగి, లోపలిగోడ పక్కన
ఒక్క బీరువాని వదిలేసింది.
తలుపు కాస్త తెరుచుకుని,
లోపల ఇస్త్రీ చేసిన శీతాకాలపు కోటు,
ఆకాశానికి ఎదురుగా.

ఇంజనీరమ్మ నన్నేమీ అనలేదు.
మిగతా కమ్మీ ఏమైందని అడిగింది.
మా తోటలో ఉంది, నలభై ఎనిమిదేళ్ళుగా,
ద్రాక్షతీగని మోస్తోంది.
ఆ రాత్రి ఒక్క గుత్తి కూడా రాలలేదు.

ఎంత లావుంటుందని అడిగింది.
నోట మాట రాక బొటనవేలు చూపించాను.
ఆమె టేపు తీసి
నా వేలు కొలిచి రాసుకుంది.