కాటా ముల్లు

విశాఖలో మే నెలంటే ఎండ కాదు,
ఉక్క.
కవరుకి స్టాంపులా
వీపుకి అతుక్కుపోయిన జాకెట్టు.

పొద్దుటినుంచీ రేవు కాటా మీద
నూట పన్నెండు లారీలు తూచాను.
బొగ్గు, జిప్సం, మళ్ళీ బొగ్గు.
గదిలో ఏసీ మార్చిలోనే పోయింది.
ముక్కు తుడుచుకుంటే
రుమాలు నిండా హార్బరే.

ఆరు దాటాక సూరిదేముడూ నేనూ
ఆటోలో కాన్వెంటు జంక్షన్ దాటి బీచి రోడ్డెక్కాం.
మూడో అంతస్తు మేడ మీద
యారాడ కొండ కనబడే మూల దొరికింది.
"స్ట్రాంగేనా మేడం?" అన్నాడు కుర్రాడు.
బరువైనవన్నీ పగలే తూచేశాను బాబూ,
పేల్ ఏల్ తే.

వెలుతురుకి ఎత్తిపట్టిన పనసతొన రంగు.
అల వెనక్కెళ్ళాక ఇసక మీద మిగిలేపాటి
నురగ, అంతే.

మొదటి గుక్కలో గిల్లిన దబ్బాకు వాసన.
వెనకే చేదు.
కాకరకాయ చేదు కాదు,
మజ్జిగపులుసులో ఒక్క మెంతిగింజ పంటికింద పడ్డట్టు.
పిలవకుండా వచ్చి, కాఫీ అడక్కుండా
లేచిపోయే చుట్టం లాంటి చేదు.
దాని అడుగున ఎక్కడో
వేయించిన చోళ్ళ తీపి.

ఇరవై రెండేళ్ళుగా ముల్లు చూస్తున్న కళ్ళు నావి.
అటు పిసరు ఊగింది,
ఇటు పిసరు ఊగింది,
నిలిచింది.

"నీల్లలాగుందేటండీ ఇది" అన్నాడు సూరిదేముడు,
నా గ్లాసులో ఓ గుక్క తాగి.
"గొంతుకడ్డు పడనేదు, తలకెక్కనేదు.
డబ్బులెందుకిచ్చినట్టు?"
అడ్డు పడనందుకేనయ్యా, అన్నాను.
కింద బండి దగ్గర కొన్న మురీ మిక్చరు పొట్లం విప్పాడు,
ఉల్లిపాయ ముక్కలన్నీ తన వైపుకి లాక్కుంటూ.

అప్పుడు తిరిగింది గాలి.
సముద్రం మీంచి, ఉప్పగా, ఆలస్యంగా,
తప్పు చేసి ఇంటికొచ్చిన మనిషిలా.
గ్లాసుకి చెమటలు పట్టాయి,
నాకు ఆరాయి.

దూరంగా లంగరేసిన ఓడలు
ఒక్కొక్కటే దీపాలు వెలిగిస్తున్నాయి.
ఏడో, ఎనిమిదో.
రేపు నేను తూచాల్సిన బరువంతా
ఈ రాత్రికి
అక్కడ నీళ్ళ మీద తేలుతోంది.

కొండ మీద లైటుహౌసు ఓసారి ఇటు చూసి
మొహం తిప్పుకుంది.

ఆఖరి గుక్క వెచ్చబడిపోయింది, వదిలేశాను.
లేదు, అబద్ధం.
అదీ తాగాను.