మూడో దెబ్బ తర్వాత

మా ఊళ్ళో గంట లేదు.
సీమపనస కొమ్మకి వేలాడే ఖాళీ గ్యాస్ సిలిండరుంది,
అడుగు కోసేసింది, తుప్పు పట్టింది,
పక్కనే, కొట్టడానికి, లారీ జాకీ రాడ్డు.

తాతల నాడు శంఖం ఊదేవారట.
ఇప్పుడు ఇనుమూ, నేనూ.
పద్దెనిమిదేళ్ళుగా
పొద్దు సముద్రంలో కాలు పెట్టగానే మూడు దెబ్బలు వేస్తాను:
మొదటిదానికి పిల్లలు ఈత మానేస్తారు,
రెండోదానికి కొబ్బరి కోరే చేతులు ఆగుతాయి,
మూడోదానికి సవాయి దీవిలో మా ముక్క
చాప మీద కూర్చుంటుంది.
"సా" అంటాం ఆ వేళని.

నేను మాత్రం రోడ్డు మీదే.
సా వేళ ఎవడూ దారిన పోకూడదు, కట్టుబాటు.
పోతే జరిమానా, ఒక పెట్టె చేపల డబ్బాలు.
ఆపేవాడు ఒకడు ఉండాలిగా?
ఆ ఒకణ్ణి నేను.
పాస్టరు గారు కూడా ఎప్పుడూ అడగలేదు,
"పెసామినో, నువ్వెప్పుడు లోపలికొస్తావ్?" అని.
అడిగినా జవాబు సిద్ధం:
నీ పనిలోనే ఉన్నాను కదా, ప్రభువా.

నిజం చెప్తా.
చొక్కా కింద ఫోనుండేది.
ఊరు కళ్ళు మూసుకున్న ఆ పదిహేను నిమిషాలూ
నా కళ్ళు రగ్బీ మీద.
అవతలి ఊరివాళ్ళతో పందేలు, బాకీలు,
కోకో గింజలు ఎంత పలికాయో,
బావమరిది పికప్పు అమ్ముతానన్నాడు, ఎంతకో,
ఇంకొక్క మెసేజీ, ఇంకొక్కటి...
పాటలు నా వెనక నుంచి వచ్చేవి.
వీపుకి చెవులుండవు.

మొన్న శుక్రవారం, ఆఖరి పది నిమిషాలు.
స్కోరు సమం.
బంతి గాల్లో ఉంది, నేనూ గాల్లోనే ఉన్నాను.
తలెత్తేసరికి చీకటి.
రాడ్డు చేతిలోనే ఉంది.
కొట్టలేదు.

ఒళ్ళు చల్లబడింది. ఊరికి ఏం చెప్పను?
పిల్లలింకా నీళ్ళలోనే ఉంటారు,
చేతులింకా కొబ్బరి కోరుతూనే ఉంటాయి,
అంతా నా వల్లే అనుకుంటూ చూశాను.

దారి పొడుగునా దీపాలు.
గోడల్లేని ఇళ్ళు మావి, ఏదీ దాగదు:
వంచిన తలలు, చాప మీద జోగుతున్న పసివాడు,
మూత పెట్టిన గిన్నెలు.
నేను పిలవకుండానే ఊరు వెళ్ళిపోయింది.
ఊరంతటికీ శకునం చెప్పిన బల్లి
కుడితి తొట్టిలో పడ్డట్టు
మిగిలింది నేను.

చివరింట్లో అకెనేసె అవ్వ.
ఆవిడకి చెవుడు, నేను పుట్టకముందు నుంచీ.
ఒక్కనాడూ ఆలస్యం కాలేదని అప్పుడు తట్టింది.
మర్నాడు పగలు, మొగలాకుల చాప అల్లుతుంటే వెళ్ళి
సైగ చేశాను: ఎలా తెలుస్తుంది?
నా చెయ్యి పట్టుకుని పడమటి స్తంభానికి ఆనించింది.
వెచ్చగా ఉంది.
"ఇది చల్లబడ్డం మొదలెడితే లేస్తాను.
నీ ఇనుము సంగతి నాకు తెలియదు నాయనా."
ఇంకేం చెప్పలేదు. అల్లిక మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

ఆ సాయంత్రం కొట్టాను, మూడు.
మూడోది కొట్టాక ఇనుము వెంటనే ఊరుకోదు,
కాసేపు లోపల్లోపల మూలుగుతుంది.
పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ చివరిదాకా వినలేదు.
విన్నాను.
అది సన్నబడి, సన్నబడి
అలలోకి పోయిందో, నాలోకి పోయిందో,
ఎవరో నా పేరు సగం పలికి
మిగతా సగం కోసం ఆగినట్టు.

ఫోను కొమ్మ సందులో పెట్టాను. అక్కడా వణుకుతూనే ఉంది,
గూట్లోంచి పడబోయే పిట్టపిల్లలా.
దారికి ఆ పూట దారే కాపలా.
అవ్వ ఇంటి అరుగెక్కాను.
ఇసుక పాదాలు చాప బయటే ఉంచాను.
ఏం ప్రార్థించాలో రాలేదు. పికప్పు గుర్తొచ్చింది,
స్కోరు గుర్తొచ్చింది. దాచలేదు,
వాటితోనే కూర్చున్నాను.

అవ్వ కళ్ళు తెరవకుండానే
చాప మీద కొంచెం పక్కకి జరిగింది.