నాలుగంకెలు

తాడిపత్రి రోడ్డులో ఇమాంవలి
జాకీ పెట్టకముందే టైరు తడిమి
నాలుగంకెలు చదివినాడు:
"ఇరవైమూడో వారం, పద్దెనిమిదో సంవత్సరం.
దీని జాతకం ఇదేనప్పా."

గాడిలో రూపాయి బిళ్ళ నిలబెట్టినాడు.
అంచు కూడా మునగలేదు.
పక్కల పగుళ్లు, మా యమ్మ మడమల మాదిరి.
నల్లరంగు పూసి
ఆరునెల్లు నేను దాపెట్టినవి.

నాలుగూ కొత్తవంటే పదహారు వేలు.
జేబులో తొమ్మిది.

"సెకండ్ హ్యాండువి?"
"ఉండాయి. ఎవరు ఇప్పినారో, ఎందుకు ఇప్పినారో
నాకూ తెల్దు."

మొన్న ముద్దనూరు ఘాటులో తుంపర.
బ్రేకు తొక్కినా బండి
రొంత దూరం తన దారిన తాను పోయింది.
వెనక సీట్లో పెండ్లి బాడుగోళ్లు నిద్రలో ఉండిరి.
వాళ్లకు ఇప్పటికీ తెలీదు.

రెండు కొత్తవి తీసుకున్నా.
వెనక్కి బిగిస్తాంటే, ముందరికి కదా అన్నా.
"ముందరిది జారితే చేతికి ముందే తెలుస్తాది.
వెనకది, తిరిగినాకే."

పాతవి రెండూ తూకానికి పోయె.
మిగతా రెండు దసరా బాడుగలు వచ్చినాక.

"అంతవరకూ వానలో నలభై దాటొద్దు."
"అనంతపురంలో వానెక్కడిది సామీ!" అని నవ్వినా.

ఇమాంవలి నవ్వలేదు.
బోల్టులు ఇంగోసారి బిగించినాడు.