నలభై ఒకటో నంబరు రాయి

బట్టలుతికే బండ అరిగిందని
సారక్క కాలేజీ జాగల నుంచి ఒక రాయి తెచ్చుకున్నది.
తెల్ల సున్నం మీద ఎర్ర రంగు: 41.
వారం రోజుల సబ్బుకు నాలుగు పోయింది.
ఒకటి ఇంకా పోతలేదు.

మొన్నటి ఆయితారం దాకా అది
ముప్పై బై యాభై, తూర్పు ముఖం, కార్నర్ బిట్టు.
హన్మకొండ నుంచి కార్లల్ల వచ్చినోళ్ళు
దాని మీద కాలుపెట్టి ఫోటో దిగిండ్రు.
అంతకు ముందు వాలీబాల్ కోర్టు మూల.
అంతకు ముందు మా తాత రాజకొమురు జొన్నచేను,
పద్దెనిమిది గుంటలు.

పరకాల దాకా నడిచి నడిచి
పిలగాండ్ల కాళ్ళు పగులుతున్నయని
తలా ఇన్ని గుంటలు కలిపి
పదకొండెకరాలు సర్కారు చేతిల పెట్టిండ్రట.
"కాయితమున్నదా?" అన్నడు తాసీల్దారు సారు.
"మాటున్నది సారూ" అన్నడు మొగిలి.
"మాటకు సర్వే నంబరుండదు కదా."
ఆయన తప్పేం లేదు.
పహాణీల మా తాత పేరును అడ్డంగ కొట్టి
పక్కన సర్కారు అని రాసి ఉన్నది.
ఆ రాత గూడ మంచిగనే ఉన్నది, గుండ్రంగ.

వెంచరుకు విద్యా ఎన్‌క్లేవ్ అని పేరు పెట్టిండ్రు,
సచ్చినోని పేరు పుట్టినోనికి పెట్టినట్టు.

ఇగ నిజం మాట్లాడుకుందాం.
కాలేజీని చంపింది కంపెనీ కాదు.
ఆఖరు బ్యాచుల తొమ్మిది మంది.
ఆ ఏడే మా పిలగానికి టై కట్టి
నేనే పసుపు బస్సెక్కించిన.
రోజూ ఆ గేటు ముంగట నుంచే పోయేది బస్సు.
గంట కొట్టబోయే ఓదెలు
సుత్తె ఉన్న చెయ్యే ఎత్తి పలకరించేటోడు.
నేను గూడ చెయ్యూపిన.
తల దించుకున్నా బాగుండు,
ఊపిన చెయ్యే ఇప్పుడు సలుపుతున్నది.

తాళం పడ్డ ఏడేండ్లల్ల
కిటికీలు ఎవలు తీస్కపోయిండ్రో ఎవలకెరుక లేదు.
అందరికెరుకే.
కెమిస్ట్రీ రూముల మేకలు ఈనినయి.
బ్లాకుబోర్డు కింద యాకూబీ పత్తి ఆరబోసుకున్నది,
బోర్డు మీద ఎవలో సగం తేల్చిన లెక్క
అట్లనే ఉంచి.

మా సడ్డకుడు వీరన్న రెండు ప్లాట్లకు అడ్వాన్సు కట్టిండు.
"ఇండ్లు లేస్తే ఊరు పెరుగుతది, మీకేం నొప్పి?" అంటడు.
వాని మాటల తప్పు వెతికిన.
సగమే దొరికింది.

ఆ రాత్రి మీటింగేం కాలే.
ఒకలకొకలు చెప్పుకోలే.
తెల్లారి చూస్తే నూట ఆరు రాళ్ళల్ల
ఒక్కటి లేదు.

ఎస్సై సారు ఇల్లిల్లు తిరిగి రాసుకున్నడు:
పన్నెండు, బర్రె కుడితి గోలెం కింద.
అరవై మూడు, మిర్చి కల్లంల
పరదా గాలికి లేవకుండ.
డెబ్బై, యాకూబీ గడప ముంగట మెట్టు,
అప్పుడే అలికి ముగ్గేసి ఉన్నది.
తొంభై, ఓదెలు ఇంట్ల.
దాని మీద బట్టల చుట్టిన రైలుపట్టా ముక్క.
"ఇదేంది?"
"గంట సారూ."
"ఇంట్లెందుకు పెట్టుకున్నవ్?"
ఓదెలు ఏం చెప్పలే.
సారు గూడ ఆ ముచ్చట రాసుకోలే.

సోమారం దాకా స్టే ఉన్నదట.
ఏ సోమారమో లాయరు చెప్తలేడు.
పంచాయతి ముంగట వంతులేసుకొని కూసుంటున్నం,
నాట్లున్నోళ్ళు రాత్రి, లేనోళ్ళు పగలు.
నిన్న చీకటి పడ్డంక
వీరన్న గూడ వచ్చి కూసున్నడు,
ఎవలూ ఏమనలే,
చాయ్ గిలాస ముంగటికి జరిపిండ్రు.

మా ఇంట్ల యాభై ఎనిమిదున్నది.
దేనికి వాడాల్నో తెలుస్తలేదు.
మా పిలగాడు దాని మీద కూసోని
"బాపూ, నువ్వు రెండేండ్లు చదివినవ్ కదా,
ఏం నేర్చుకున్నవ్ ఆడ?" అన్నడు.
మస్తుసేపు యాది చేసుకున్న.
"ఆమ్లం, క్షారం కలిస్తే
ఉప్పు, నీళ్ళు" అన్న.
"ఇంకా?"
ఇంకోటేదో ఉండె.
ఓదెలునడగాలె.